మేకపోతు చదివిన గోడ

ఆ రోజుల్లో మనిషి ఏపాటివాడో అతని ఇంటి గోడ చూస్తే తెలిసిపోతుందని గట్టిగా నమ్మేవాణ్ణి. కొత్తగా పేపర్లో చేరాను. బాపు దాన్ని "గాలి నౌకరి" అన్నాడని అలిగి, సైదాబాద్‌లోని మా ఇల్లు వదిలి కిషన్‌బాగ్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. అచ్చయిన నా వార్తలన్నీ కత్తిరించి, మైదాపిండి ఉడికించి గోడకు అతికించేవాణ్ణి. (స్టవ్ మీద అన్నం కన్నా మైదాయే ఎక్కువసార్లు ఉడికేది.) బాగా రాశాననుకున్నవి కంటికి ఎదురుగా, నల్లా నీళ్లు బంద్ లాంటివి పైన కప్పు దగ్గర.

ఒక ఆదివారం వస్తానని బాపు కబురు పంపాడు. ఉద్యోగంలో పస లేదనిపిస్తే నన్ను ఇంటికి తీసుకుపోయి బ్యాంకు పరీక్షలకు కూర్చోబెట్టాలని ఆయన పట్టు. నా తరఫున మాట్లాడవలసింది ఆ గోడే. సన్నగా వాన పడుతుంటే బస్టాపుకు వెళ్లి ఆయన్ని తీసుకొచ్చాను. తలుపు తీసే ఉంది. ఇంటి యజమానురాలు ఖాలా బక్రీద్ కోసం తెచ్చిన మేకపోతు ముందరికాళ్లు గోడకు ఆనించి, నా మొదటి పేజీ వార్తలో చివరి పేరా దగ్గరుంది. మైదా రుచి దానికి తెలిసిపోయింది. అందినంత మేరా గోడ నున్నగా ఉంది.

"ఏం జేయాలె బేటా, బారిష్‌ల ఎట్ల ఇడిచిపెడ్త? జరసేపు లోపట కట్టిన" అంది ఖాలా.

బాపు గొడుగు మడిచాడు. "ఏందిరా, నీ అఖ్బార్‌కు మస్తు గిరాకి ఉన్నట్టున్నది! పైనవి మాత్రం నచ్చలేదేమో." నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆయన స్టూలు మీద కూర్చుని, "గీ ఖాళీ జాగల ఏముండె? చెప్పరాదు" అన్నాడు.

చెప్పాను. పురానాపూల్ కింద బట్టలుతికేవాళ్ల గురించి, పెళ్లి ఊరేగింపు మధ్యలో అలిగి వెళ్లిపోయిన బ్యాండు మాస్టరు గురించి. ఆగినప్పుడల్లా "ఫిర్?" అంటూ తర్వాతేమైందో అడిగేవాడు. (బాపు చదువంతా ఉర్దూలోనే సాగింది. తెలుగు అక్షరాలతో ఆయనది దూరపు చుట్టరికం. గోడ నింపుతున్నప్పుడు నాకు ఆ సంగతే తట్టలేదు.) సాయంత్రం దాకా విన్నాడు. బ్యాంకు ఊసెత్తకుండానే గొడుగు తీసుకుని వెళ్లాడు.

కొన్నేళ్లకు సైదాబాద్ ఇంటికే తిరిగి వచ్చాను. హాలు గోడ నిండా నా వార్తలకు కట్టించిన అద్దాల ఫ్రేములు, జ్ఞాపికలు. బాపు పొద్దున్నే వాటి ముందు నిలబడి, తువ్వాలు కొసతో అద్దం తుడిచి, "ఇంట్ల ఒక మేకను సాదరాదురా?" అనేవాడు. పాత జోకు మళ్లీ వేస్తున్నాడని నవ్వి, ఆఫీసుకు టైమైందని చెప్పులు వేసుకునేవాణ్ణి.

ఆయన అడిగింది మేకను కాదని తెలిసేసరికి, "ఫిర్?" అనే మనిషి లేకుండా పోయాడు. ఇప్పుడు రిటైరై తీరిగ్గా ఉన్నాను. అద్దాలు నేనే తుడుస్తున్నాను. బక్రీద్ ముందు వీధిలో మేకపోతు అరిస్తే, తలుపు బార్లా తీసి ఫ్రేములన్నీ కిందికి దించుదామా అనిపిస్తుంది.