అక్క తెచ్చిన టీ

హోసూరులో ఇంట్లోనే కూర్చుని బెంగళూరు కంపెనీకి కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తాను. అవి రాసుకునే ఎడిటర్ అనే సాఫ్ట్‌వేర్‌ను నా ఇష్టప్రకారం మార్చుకోవడమంటే నాకు పిచ్చి. దాని రంగులు, మీటలు, అక్షరాలు, ఏవీ ఉన్నవి ఉన్నట్టు ఉండనివ్వను. ఆదివారాలన్నీ దానికే పోతాయి.

అది చూస్తే మా అక్కకు ఒళ్లు మంట. కృష్ణగిరిలో నాన్న పెట్టిన బట్టలకొట్టు ఇప్పుడు ఆమే నడుపుతోంది. చివరి రోజుల్లో చూపు పూర్తిగా పోయి, నాన్న ఆమె చెయ్యి పట్టుకునే కొట్టుకు వెళ్లేవాడు. అక్క మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఒకటే పాట.

“ఇది పనా, ఆటా? అంగడి తెరవకుండా బోర్డుకు రంగులేసుకుంటా కూర్చుంటే బేరం యాడ నుంచి వస్తాదప్పా?”

“పనేనక్కా. కత్తి నూరుకోవడం పని కాదా?”

“నూరి నూరి కత్తి అరిగిపోయింది గానీ కూర మాత్రం తరగలేదు!”

నాకు కోపం వచ్చేది. ఆమె అన్నది నిజమే కనుక ఇంకా ఎక్కువ వచ్చేది. మొదట్లో ఈ మార్చుకోవడం వట్టి సరదాయే.

పోయినేడాది నుంచి సరదా కాదు. నల్లటి తెర మీద పసుపు అక్షరాలు పెట్టుకున్నాను. తర్వాత వాటిని లావు చేశాను, మళ్లీ పెద్దవి చేశాను. పాతవి విసుగొచ్చాయని నాకు నేనే చెప్పుకున్నాను. బస్సు మీద ఊరి పేరు చదవలేక, తళికి పోతుందా అని పక్కవాళ్లను అడుగుతున్నాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఉద్యోగం ఉంటుందా? నాకు ఇంకే పనీ రాదు.

మొన్న ఆదివారం అక్క టీ తెచ్చి నా వెనక నిలబడింది. తెర నిండా నాలుగు వరుసలే ఉన్నాయి.

“ఏందక్కా, ఈరోజు పాట లేదా?” అన్నాను.

గ్లాసు బల్ల మీద పెట్టి, నా చెయ్యి పట్టుకుని దాని దగ్గరికి చేర్చింది. నాన్నకు టీ అలాగే ఇచ్చేది.

“నాయన గూడా ఇట్లే అంగట్లో బల్బులు మారస్తానే ఉన్నాడు. దినామూ ఇంకా పెద్దది కావాలనేవాడు. ముసలాయనకు సోకు ఎక్కువైందని అందరమూ నవ్వినాము కదరా.”

ఆమె వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

“నా మొగం కనపడతా ఉందా?”

“ఉందక్కా” అన్నాను.

ఆమె ఏడుస్తోందని నాకు గొంతును బట్టే తెలిసింది.