నలుపు లేని నీడ

మొన్న ఆదివారం ఇల్లందులో మా చర్చి పాత గోడ తీసేసి కొత్త హాలు కడతామని పాస్టరు గారు ప్రకటిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతులు మాత్రం ఒళ్ళోంచి లేవలేదు.

ఆ గోడ మీద, నీళ్ళపై నడిచే క్రీస్తు బొమ్మ మా అన్న వేసింది. మొదట్లో అన్న దుకాణాల బోర్డులు రాసేవాడు. ముందు నల్లగీత గీసి, లోపల చిక్కటి రంగు రెండు మూడు పూతలు నింపేవాడు, ఆ గీత గీయడం నాకూ నేర్పాడు. తర్వాత మూడేళ్ళు బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డున పడవలకూ గోడలకూ రంగులు వేసి వచ్చాడు. అక్కడి ఎండకు చిక్కటి రంగు పొక్కి రాలిపోతుందట. అందుకని పలచగా ఒకే పూత వేయడం, వెలుగున్న చోట సున్నపు తెలుపునే వదిలేయడం, ఇసుక మీద పడవల నీడలు చూసి చూసి నీడకు నలుపు మాని నీలం వాడడం అలవాటు చేసుకున్నాడు.

చర్చి గోడ మీదా అలాగే, నల్లగీత లేకుండా నీలపు నీడలతో వేశాడు. బొమ్మ ముగిసేసరికి చర్చి ప్రతిష్ఠ ఆరాధన మర్నాడే. బయట ముసురు. సంఘపెద్దలు, అందరూ గనిలో దిగేవాళ్ళే, వచ్చి చూశారు.

“ఏంది పెయింటర్ సాబూ, ప్రైమర్ కొట్టి ఇడిసిపెట్టినవ్? నీడ గిట్ల నీలముంటదా? ప్రభువు ఏడున్నడు, మునిగిండా?” అన్నాడు వాళ్ళలో పెద్దాయన. అందరూ నవ్వారు.

“జర ఎండ రానియ్యి మామా, కనబడ్తడు.”

“ఎండ కోసం ఆరాధన ఆపుతమా? నాలుగింటికల్లా మంచిగ చెయ్యి, లేకుంటే సున్నం కొట్టిస్తం.”

ఒక్క చుక్క కూడా వేయనని నాతో చెప్పి అన్న భోజనానికి వెళ్ళిపోయాడు. గోడకు సున్నం పడితే ఇక ఊళ్ళో ఆయనకు ఎవరూ పని ఇవ్వరని నా భయం. నల్లరంగు డబ్బా తెరిచాను. బయట చెప్పుల చప్పుడైనప్పుడల్లా కుంచె ఆపుతూ ముఖానికీ చేతులకూ పాదాలకూ గీతలు గీశాను.

పెద్దలు నాలుగింటికి ముందే వచ్చారు. “గిప్పుడు గదా మనిషి లెక్క ఉన్నడు!” అంటూ, అప్పుడే గుమ్మంలోకి వచ్చిన అన్న భుజం తట్టారు. అన్న గోడ దగ్గరికొచ్చి గీతల్ని ఒక్కొక్కటే చూశాడు. ఆ గీతలు తనవి కావని వాళ్ళకు చెప్పలేదు.

“చెయ్యి వణకలే తమ్మీ, మంచిగనే గీసినవ్,” అన్నాడు నాతో.

మర్నాడు ఆరాధన మొదలుకాకముందే బస్సెక్కి బాపట్ల ఒడ్డుకు వెళ్ళిపోయాడు. మళ్ళీ మా ఊళ్ళో కుంచె పట్టలేదు. నా డైరీలో మాత్రం ‘చర్చి బొమ్మ పూర్తయింది’ అని ఉంది, ఎవరు పూర్తి చేశారో రాయలేదు.

ఇప్పుడు బోర్డులన్నీ మిషన్లే అచ్చేస్తున్నాయి, రంగుల గొడవ ఎవరికీ లేదు. నీడ ఏ రంగులో ఉండాలో అని పెద్దమనుషులు పనులు మానుకొచ్చి తగువాడిన ఊరు ఇక లేదు. ఆ తగువులో అన్న వైపు నిలబడే వీలూ నాకు లేదు.