నూతి గట్టు మీద బాతులు

మా నూకన్న బావకి మిడిల్ పాయింట్‌లో చిన్న ఫోటో స్టూడియో ఉంది. పాస్‌పోర్టు ఫోటోలు, పెళ్ళిచూపుల ఫోటోలు, బడి ఫారాల ఫోటోలు, ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని. బటన్ నొక్కే ముందు "రెడీ! హిల్నా మత్!" అని, కదలొద్దని హిందీలో ఒక్క కేక వేస్తాడు. ఆ కేకకి గుక్కపట్టి ఏడ్చే పసిపిల్లలు కూడా ఠక్కున ఆగిపోతారు. చివరికి ఆ కేకే ఆయన కొంప ముంచింది.

ఆయన మా అక్క మొగుడు. స్కూటరు నాది కాబట్టి ఐదు చలికాలాలు సిప్పీఘాట్ రోడ్డు పక్కన ఆయనతోపాటు దోమల్ని మేపే భాగ్యం నాకూ దక్కింది.

ఆ రోడ్డు పక్కనే వాళ్ళ నాన్న యర్రయ్య మావకి వరిపొలం ఉండేది, అందులో ఓ నుయ్యి. శ్రీకాకుళం వైపు నుంచి ఈ దీవులకి ఓడెక్కి వచ్చిన కొత్తలో మొగుడూ పెళ్ళాలే తవ్వుకున్నారు. ఆయన తవ్వుతుంటే అప్పలకొండమ్మత్త కడుపులో నూకన్నని పెట్టుకుని మట్టి తట్టలు మోసింది. సునామీ వచ్చిన ఆదివారం నాటికి చేను కోతకొచ్చి ఉంది. భూమి కంపించి అక్కడి నేలంతా కుంగిపోయింది. మిగతాచోట్ల సముద్రం వచ్చినట్టే వచ్చి వెళ్ళిపోయింది గానీ, మావ పొలంలోకి మాత్రం అప్పట్నించీ రోజుకి రెండుసార్లు వస్తూనే ఉంది. ఏడాది తిరక్కుండా మావ జ్వరంతో పోయాడు. అత్త మళ్ళీ ఆ రోడ్డు తొక్కలేదు. ఎవరేమడిగినా "అంతా పోనాది, నుయ్యి కూడా పోనాది" అని ఒకటే మాట.

నుయ్యి పోలేదు. చలికాలంలో అమావాస్యకీ పున్నమికీ పాటుకి సముద్రం బాగా వెనక్కి లాగినప్పుడు, దాని గట్టు నీళ్ళలోంచి గుండ్రంగా బయటపడుతుంది. మొదటి ఏడాది బావ అది చూసి, ఫోటో తీసి, పరుగున ఇంటికి తెచ్చాడు.

అత్త కళ్ళజోడు తుడుచుకుని చూసింది. "ఇది లారీ టైరురా" అంది.

"నుయ్యేనే అమ్మా! నా కళ్ళతో సూసినాను!"

"టైరే. నుయ్యి ఇంతే ఉంటాదేటి?"

ఫోటోలో చుట్టూ నీళ్ళే. పక్కన కొలతకి ఏమీ లేదు. పోనీ దిగి పక్కన నిలబడదామంటే నడుం లోతు బురద, పైగా మొసళ్ళున్నాయని బోర్డు. అప్పుడు బావకి తట్టింది. పాటు దిగాక ఆ గట్టు మీద అడవి బాతులు వాలతాయి. కంటి చుట్టూ తెల్లటి వలయం ఉండే రకం. చేలో దిగినప్పుడల్లా వాటిని తరిమి తరిమి అత్తకి వాటి సైజు కొట్టినపిండి. అవి గట్టు మీదుండగా తీస్తే అదెంత పెద్దదో ఆవిడకే తెలుస్తుంది. టైరు మీద ఏడు బాతులు పట్టవు కదా.

ఆలోచన బంగారమే. బాతులు వాలేవి. బావ కెమెరా కంటికి ఆనించేవాడు. ఊపిరి పీల్చేవాడు. "రెడీ! హిల్నా మత్!"

ఇంకేముంది, మళ్ళీ టైరే మిగిలేది.

మొదట్లో పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. రెండో ఏడు తిట్టాను. మూడో ఏడు నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు. ఆ రోజే ఎవరో మహానుభావుడు బైకాపి, "భయ్యా, గాడీ బంద్ హో గయీ క్యా?" అని కేకేశాడు. మా దీవుల్లో రోడ్డు పక్కన బండి ఆగి ఉంటే పలకరించకుండా పోయేవాడు ఉండడు. ఆ మంచితనం మండిపోను! బాతులు లేచిపోయాయి. ఐదేళ్ళకి మాకు దక్కినవి తోకలు, రెక్కలు, ఖాళీ ఆకాశం, ఒకసారి నా చెవి.

2011 జనవరిలో వెళ్ళేసరికి నూతికి అవతల ఎర్ర జెండాలు పాతి ఉన్నాయి. రోడ్డు ఎత్తుచేసి వెడల్పు చేస్తారట. మట్టి కుప్పలు అప్పటికే దిగాయి. జెండాల దాకా, నూతితో సహా, పూడ్చేస్తారు.

"ఈపాలి రాకపోతే మరింక లేదురా పైడిబాబూ" అన్నాడు బావ. నాకు ఎగతాళి చేయబుద్ధి కాలేదు.

ఆ అమావాస్యకి స్కూటరు పొదల్లో దాచాను, ఎవరూ పలకరించకుండా. మధ్యాహ్నం మూడు దాటాక గట్టు బయటపడింది. ఒక బాతు వాలింది. తరవాత రెండు. తరవాత నాలుగు. బావ కెమెరా ఎత్తాడు. ఆయన ఛాతీ ఉబ్బడం చూశాను. వెనక నుంచి ఆయన నోరు గట్టిగా మూసేశాను. "రె" దగ్గరే ఆగిపోయి, నా వేలు కసుక్కున కొరికాడు. కెమెరా క్లిక్కుమంది. ఏడు బాతులూ కదల్లేదు.

పెద్ద సైజులో వేయించి అత్త చేతిలో పెట్టాడు. ఆవిడ చాలాసేపు చూసింది. గట్టు చుట్టూ వేలు పోనిచ్చి ఒకచోట ఆపింది.

"ఇదిగో, ఈ ఇటిక మీ అయ్య వంకరగా పెట్టినాడు. నానప్పుడే సెప్పినాను."

బావ మొహం వెలిగిపోయింది. "ఐదేళ్ళబట్టి సెప్తన్నాను! ఇప్పుడు నమ్మినావా?"

"మొదటి ఫోటోలోనే తెలిసినాదిరా."

"మరి టైరన్నావు?"

"టైరైతే ఏడవక్కర్లేదు గదా."

నాకు ఒళ్ళు మండింది. ఐదేళ్ళ దోమలు, కొరికిన వేలు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. కానీ ఆవిడ పైటచెంగుతో ఫోటో తుడుస్తోంది, దాని మీద దుమ్మేం లేకపోయినా.

"వచ్చే పాటుకి నన్ను తీసుకెళ్ళరా నూకన్నా" అంది. "దూరాన్నించే సూత్తాను."

ఎర్ర జెండాల సంగతి చెప్పాలని బావ నోరు తెరిచాడు. ఈసారి నేను చెయ్యి అడ్డం పెట్టాల్సిన అవసరం రాలేదు.