నిశ్శబ్దం కోసం ఒక అరుపు

నేను వీడియోలు తీసే పనిలో కొత్తగా అడుగుపెట్టిన కాలంలో మా ఆఫీసులో ఇంటర్న్‌కీ లైటు స్టాండుకీ పెద్ద తేడా ఉండేది కాదు. స్టాండు పడిపోతే మాత్రం అందరూ "అయ్యయ్యో" అంటూ పరిగెత్తేవాళ్లు, అంతే తేడా. ఇవాళ ఎంత పెద్దమనిషినైనా కెమెరా ముందు కూర్చోబెట్టి, "ఆ మాట మింగేశారు, మళ్లీ చెప్పండి" అని మొహమాటం లేకుండా అంటున్నానంటే, అప్పటి నన్ను చూసినవాళ్లు నమ్మరు. ఊరి చివరనున్న చందాపుర నుంచి రెండు బస్సులు మారి, జుట్టునిండా దుమ్ముతో అందరికంటే ముందొచ్చి నిలబడేదాన్ని. నా పనేమిటంటే తెల్లటి థర్మోకోల్ షీటు పట్టుకుని ఎదుటివాళ్ల ముఖాల మీదికి వెలుతురు మళ్లించడం. మిగతా సమయంలో టీ తేవడం, వైర్లు చుట్టడం. "నువ్వు జస్ట్ అబ్జర్వ్ చెయ్" అనేవాడు మా డైరెక్టరు. ఆయన్ని వెనకాల విజన్ సార్ అని పిలుచుకునేవాళ్లం. తన చెప్పులెక్కడ విడిచాడో అడగడానికి కూడా "నా విజన్ ఏంటంటే" అని మొదలుపెట్టే మనిషి.

ఆ విజన్ సార్ ఒకరోజు నాకు ప్రమోషన్ ఇచ్చాడు. షాట్ మొదలయ్యే ముందు "సైలెన్స్" అని అరిచి చుట్టుపక్కల చప్పుడు కాకుండా చూసుకోవాలట. నేనా! చర్చిలో పాట పాడమంటే పెదాలు మాత్రమే కదిపే నేను! సర్జాపుర దగ్గర కొత్త ఫ్లాట్ల వీడియో అది. యాంకరమ్మాయి చిరునవ్వుతో "ఇక్కడ ప్రశాంతతే మీ పొరుగు" అంటుండగా పై అంతస్తులో కుక్కరు కూసింది. ఇక చూడండి, సార్ నా మీద విరుచుకుపడ్డాడు. "సైలెన్స్ నీ డ్యూటీ కదా? వాట్ ఆర్ యూ డూయింగ్?" నేనేమైనా పైకెళ్లి పప్పు పొయ్యి మీద పెట్టి వచ్చానా? పైగా "సైలెన్స్" అని అన్నాను కూడా. అన్నానంటే అన్నాను. (నా చేతిలోని థర్మోకోల్‌కు తప్ప ఎవరికీ వినపడలేదు, అది వేరే సంగతి.) "నెక్స్ట్ షూట్‌లో ఒక్క సౌండ్ వచ్చినా లొకేషన్‌కి రానక్కర్లేదు. ఆఫీస్‌లో కూర్చుని హార్డ్ డిస్కులకు స్టిక్కర్లు అంటించుకో" అనేశాడు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. ఆ ఉద్యోగంలో నాకు నచ్చింది ఒక్క లొకేషనే. ముక్కూమొహం తెలియని మనుషుల ఇళ్లలోకి, దుకాణాల్లోకి వెళ్లి వాళ్ల కథ వాళ్ల నోటితోనే వినడం. అదే పోయాక స్టిక్కర్లు అంటించడానికి రెండు బస్సులు మారి రావాలా?

ఆ నెక్స్ట్ షూట్ ఎక్కడో తెలుసా? నగర్తపేటలో! నిశ్శబ్దం కావలసిన వాడెవడైనా నగర్తపేటకు వెళ్తాడా? పెళ్లికొడుకులు పెట్టుకునే జరీ తలపాగాలు, అదే పేటాలు, తయారుచేసే పాత దుకాణం. ఎప్పుడో హిందూపురం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. దుకాణం మేడ మీద, దాని యజమాని అయిన తాతతో ఇంటర్వ్యూ అక్కడే. పక్కగదిలో కుట్టుమిషన్లు, కింద సందులో తోపుడుబళ్లు, స్కూటర్లు, బేరాలు, తిట్లు. సౌండు రికార్డు చేసే చెవులాయన (ఆయనది బాగేపల్లి వైపు, చెవులకు హెడ్‌ఫోన్లు లేకుండా మేమెవ్వరం ఆయన్ని చూడలేదు) ఒకసారి కిటికీలోంచి కిందికి చూసి, నా వంక జాలిగా చూశాడు.

నేను పక్కగది గుమ్మంలో నిలబడి, "సారీ అన్నా, ఏమనుకోకండి, ఒక్క నిమిషం మిషన్ ఆపగలరా, ప్లీజ్?" అన్నాను. టైలరన్న తలెత్తకుండానే "ఏమి పాపా, సినిమానా? మా ఆర్డరు మీ హీరో వచ్చి కుట్టిస్తాడా?" అన్నాడు. గదంతా నవ్వులు. పోనీలే అని ఆపాడు. నేనిటు తిరిగానో లేదో టకటకటక మళ్లీ మొదలు. ఇలా మూడు నాలుగు సార్లయ్యేసరికి చెవులాయన హెడ్‌ఫోన్లు మెడలోకి దించుకుని వచ్చాడు. "పాపా, అట్ల అడుక్కుంటే ఎవురు ఇంటారు? నువ్వేమన్నా గణేశుని చందాకు వచ్చినావా? పోయి నిలబడి చెయ్యెత్తు. ఏం చేయల్లో చెప్పు. సారీ గీరీ వద్దు." సరే, ఎలాగూ స్టిక్కర్ల బతుకే కదా అనుకుని మళ్లీ వెళ్లాను. "అన్నా, నా చెయ్యి పైన ఉన్నంతసేపు మిషన్లు ఆగాలి. దించాక కుట్టుకోండి" అని చెయ్యెత్తాను. ఆగాయి! అన్నీ ఆగాయి! దించాను, మొదలయ్యాయి. నమ్మకం కలగక మళ్లీ ఎత్తాను, మళ్లీ ఆగాయి. (అవసరం లేకపోయినా ఇంకోసారి కూడా ఎత్తాను. ఆ రుచి అలాంటిది.) కిటికీలోంచి సందుకూ అలాగే చెయ్యెత్తి చూపించాను. మధ్యాహ్నానికల్లా కింద తోపుడుబండివాళ్లు కూడా హారన్ కొట్టబోయిన స్కూటరువాణ్ణి "ఏయ్, గలాటా చేయొద్దప్పా, పైన ఆ పాప చెయ్యెత్తిండాది" అని ఆపుతున్నారు.

తాత కూడా హాయిగా మాట్లాడాడు. "బట్ట ఎవురైనా చుడతారు. గంజి పెట్టేది మా ఇంటామె. ఆమె గంజి పెట్టిన పేటా పెండ్లికొడుకు తల మీద రాజు మాదిరి నిలబడతా ఉండె. ఇప్పుడు ఆమె లేదు, ఆ గంజీ లేదు" అని ఆగిపోయాడు. నా చెయ్యి పైనే ఉంది, నొప్పి కూడా తెలియలేదు.

ఇంటర్వ్యూ అయ్యాక మా పనిలో ఒక పద్ధతుంది. అందరూ ఎక్కడివాళ్లక్కడ కదలకుండా నిలబడితే, మాటల్లేని ఆ గది చప్పుడును ఒక నిమిషం రికార్డు చేస్తారు. రూమ్ టోన్ అంటారు. ఎడిటింగులో మాటలు కత్తిరించినచోట ఆ చప్పుడు ముక్కను అతికిస్తారు. చెవులాయన "రూమ్ టోన్" అనగానే మేమంతా చేతులు కట్టుకుని తలలు దించుకున్నాం. మమ్మల్ని చూసి తాత కూడా లేచి, కళ్లద్దాలు తీసి, చేతులు జోడించి నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడు విజన్ సార్ ఫోను మోగింది. ఆపాడా? ఎత్తాడు! "యా, యా, టెల్ మీ. లేదు, షూట్‌లో ఉన్నా." చెవులాయన పళ్లు నూరుకుని మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి సార్ మానిటర్ చూసి "ఈ ఫ్రేమ్ భలే వచ్చింది కదా" అన్నాడు. మూడోసారి ఫోను మళ్లీ గుర్రుమంది, ఆయన జేబులోనే. అందరూ పైకప్పు చూస్తున్నారు. అప్పుడాయన నా వైపు తిరిగి ఏమన్నాడో తెలుసా? "ఇంటర్న్! వాట్ ఈజ్ దిస్ నాన్సెన్స్? ఒక్క నిమిషం కంట్రోల్ చెయ్యలేవా?"

సందులోని స్కూటర్లను ఆపాను. మిషన్లను ఆపాను. ఊరంతా నోరు మూసుకుంటే ఈ ఒక్క మనిషి వాగుతూ, నన్ను అంటాడా! "శబ్దం చేస్తున్నది మీరే సార్! మూడుసార్లూ మీరే! ఫోను ఆపండి. బయటికి నడవండి. నేను పిలిచేదాకా లోపలికి రాకండి!" ఆ గొంతు నాది కాదు. మా అమ్మ నర్సు. విజిటింగ్ టైమ్ అయ్యాక వార్డులోంచి చుట్టాలను తరిమేది ఆ గొంతుతోనే. అది నా గొంతులో ఎప్పుడు చేరిందో నాకే తెలియదు. విజన్ సార్ వార్డులో మామిడిపళ్ల సంచితో దొరికిపోయిన చుట్టంలా మెల్లగా బయటికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. నేను ఆ తలుపు దగ్గరే చెయ్యెత్తి నిలబడ్డాను. పక్కగదిలో సూది కింద పడినా వినపడేంత నిశ్శబ్దం.

నిమిషం అయ్యాక తాత కళ్లద్దాలు పెట్టుకుని, మెల్లగా అడిగాడు. "పాపం, సచ్చిపోయింది ఎవురప్పా?"

"ఇంగా ఎవురూ పోలే తాతా" అన్నాడు చెవులాయన. "సార్ లోపలికి వస్తే ఈ పాప కథ చూడల్ల."

పిలిస్తే సార్ లోపలికి వచ్చాడు. సామాన్లు సర్దుతున్నంతసేపూ నేను స్టిక్కర్ల రంగులు ఊహించుకుంటూ గడిపాను. వెళ్లేముందు ఆయన, కింద దుకాణం చూసుకునే తాత మనవడితో "మా టీమ్ డిసిప్లిన్ చూశారా? ఈ అమ్మాయిని ట్రెయిన్ చేసింది నేనే" అన్నాడు. వినండి ఆ మాట! నేను నోరు తెరిచేలోపే నా వైపు చూడకుండా "రేపు షూట్ ఏడింటికి, లేట్ చెయ్యకు" అని మెట్లు దిగిపోయాడు. కోపం తెచ్చుకోవాలో ఎగిరి గంతేయాలో తెలియక వైర్లు చుట్టుకుంటూ ఉండిపోయాను.

చెవులాయన హెడ్‌ఫోన్లు తెచ్చి నా చెవులకు పెట్టాడు. నేను కాపాడిన నిమిషం అది. గర్వంగా విన్నాను. కాసేపటికి ఎవరో రొప్పుతున్నట్టు వినిపించింది. నాకు మళ్లీ మండింది. "ఎవరన్నా ఇది? ఇంత చేస్తే ఊపిరి ఆపుకోలేకపోయారా?" అన్నాను. ఆయన నా వైపు చూసి నవ్వాడు. "తలుపు దగ్గర నిలబడింది ఎవురు పాపా? మల్లా తీయల్లంటే సార్‌ను మల్లా బయటికి తరమల్ల. ఇదే ఉండనీ."

అదే ఉంది. ఆ వీడియో చివర పడే పేర్లలో నా పేరు మాత్రం లేదు. (అడిగితే "ఇంటర్న్స్‌కి వెయ్యం" అన్నారు. ఈనాటికీ క్షమించలేదు.) కానీ తాత భార్యను తలుచుకుని ఆగిపోయిన చోట ఎడిటరు ఆ నిమిషంలోంచే ఒక ముక్క అతికించాడు. అక్కడ సన్నగా ఒక ఊపిరి వినిపిస్తుంది. చూసినవాళ్లు ముసలాయన దుఃఖమనుకుని కళ్లు తుడుచుకుంటారు. నేను మాత్రం నవ్వుకుంటాను. ఆ ఊపిరి తాతది కాదండీ. తన పని ఊడిపోయిందనే అనుకుంటూ, గుండె దడదడలాడుతున్నా, ఎత్తిన చెయ్యి దించకుండా నిలబడ్డ ఒక బక్కపిల్లది.