అర్జీ కింద పేరు

ఎర్రజెండాల ఊరేగింపు అడ్డొచ్చి మా బస్సు హౌరా వంతెన మీద ఆగిపోయింది. నా పక్కన, కాలికి కట్టుతో ఒక తెలుగావిడ. వీధులూడ్చే పనట. ఓవర్సీరు పెంపుడు కుక్క కరిచిందట.

“కేసు వెయ్యమ్మా. కుక్క యజమాని నష్టపరిహారం ఇవ్వాల్సిందే,” అన్నాను, బ్యాంకు ఆఫీసరు గొంతుతో.

“నా ఉజ్జోగం ఆయన సేతిలో ఉంది బాబూ. నానెలాగ ఏస్తాను?”

“భయపడితే ఎలా? చట్టం ఉంది.”

ఆవిడ ఆసుపత్రి చీటీ తిరగేసి నా ఒళ్ళో పెట్టింది. “అయితే అర్జీ మీరే రాసీండి. రాసినోరిగా మీ పేరూ, అడ్రసూ కింద ఎట్టండి.”

పెన్ను జేబులోనే ఉంది. తీయలేదు. దిగిపోదామంటే గుమ్మం దాకా జనం.

ఆవిడ చీటీ తీసుకుని మడిచింది. “పోన్లెండి బాబూ. మీకూ ఉజ్జోగముంది గదా.”

ఆ తర్వాత గంటసేపు బస్సు కదల్లేదు.