పదో వేలు

మా పెద్దబాపు, అనగా మా నాయనకు సొంత అన్న, గడచిన ఆదివారం ఉదయం ప్రార్థనకు మొదటి గంట కొట్టకముందే గోదావరిఖనిలోని తమ ఇంట్లో కన్నుమూశారని తెలియజేయుటకు చింతిస్తున్నాను. ఆదివారం గనిలో పనిచేస్తే మా దగ్గర దాన్ని ప్లేడే అంటారు. ఆనాటి డ్యూటీకి రెట్టింపు కూలి. ఆయనతో పనిచేసిన ఒక పెద్దమనిషి శవం పక్కన కూర్చుని, "పోయేటప్పుడు సుత ప్లేడే సూసుకొనే పోయిండు," అన్నాడు. ఏడుస్తున్నవాళ్లు క్షణం ఆగి, నిజమేనన్నట్టు తలలూపి, మళ్లీ ఏడ్చారు.

మా కాలనీ ప్రార్థన మందిరానికి నాలుగు గోడలు, రేకుల కప్పు, ఒక పాస్టరుగారు, ఒక సంఘపెద్ద ఉన్నారు. కార్యదర్శి హోదాలో నేనూ ఉన్నాను. సంపాదనలో పదోవంతు, అంటే దశమభాగం, దేవునికి చెల్లించాలన్న విషయంలో ఎవరికీ పేచీ లేదు. ఏది సంపాదన అన్నచోటే పేచీ. గని కార్మికుడి జీతపు చీటీలో పైన ఒక అంకె ఉంటుంది. కోతలన్నీ పోయాక కింద ఇంకొక అంకె ఉంటుంది. దైవం దృష్టి ఏ అంకె మీద నిలుస్తుందన్న అంశంపై సంఘం పలుమార్లు సమావేశమై, పలుమార్లు టీ తాగి, పలుమార్లు వాయిదా పడింది.

పెద్దబాపు వాయిదా వేయలేదు. "కోసింది కంపెనీ. దేవుడైతే ఏం కొయ్యలే. మరి ఆయననెందుకు కింద గీతకాడ నిలబెట్టాలె?" అని పై అంకె మీద చెల్లించారు. మిగిలిన మేమందరం కింది అంకె మీదే చెల్లించాం. దానికి ఆయన మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. అనివుంటే మాకు కొంత తేలికగా ఉండేది.

చిట్టీ ఎత్తిన డబ్బు రాబడి కాదని తేల్చినవారూ ఆయనే. "ఎలుక దాసుకున్న గింజ ఎలుకకే దొరికితె దాన్ని పంట అంటరా?" అన్నారు. కంపెనీ ఇచ్చే వంటబొగ్గు మాత్రం ముమ్మాటికీ రాబడేనని నిర్ణయించి, ప్రతి పదో తట్టనూ వెనక వీధిలో ఒంటరిగా ఉండే అవ్వ పొయ్యి దగ్గర దించి వచ్చేవారు.

"దేవుడు బొగ్గు తింటడా?" అని మా పెద్దమ్మ అడిగింది.

"అవ్వ బువ్వ తింటది గద," అన్నారు.

ప్లేడే కూలి వివాదం ఇంకా పెద్దది. ప్రార్థన ఎగ్గొట్టి సంపాదించిన సొమ్ము దేవునికి పనికిరాదని పాస్టరుగారు బోధించారు. అప్పటికి పెద్దబాపు గనిలో పంపు నడిపేవారు. ఆదివారాలు ఎక్కువగా భూమి కిందే గడిచేవి. "అయ్యగారూ, నేను ఆదివారం నీళ్లు తోడకపోతే సోమారం మనోళ్లు ఈతకొట్టాలె. అందరు పానంతోని మీదికొచ్చినంక ఆ కూలి దేవునికి చేదైతదా?" అని అడిగారు. పాస్టరుగారు ఆలోచించి, చేదు కాదని ఒప్పుకున్నారు.

ఆయనకు పంపు పని ఇవ్వడానికి కారణం ఎడమచేయి. అంతకుముందు పట్టాల మీద బొగ్గు మోసే ఇనప తొట్ల దగ్గర, అంటే టబ్బుల దగ్గర, పనిచేసేవారు. ఒకనాడు రెండు టబ్బుల మధ్య చిటికెన వేలు చిక్కుకుని, మొదలుకంటా పోయింది. కొన్నాళ్లకు పరిహారం వచ్చింది. అది సంపాదన కిందికి వస్తుందా అన్న ప్రశ్నను సంఘపెద్ద మర్యాదగానే లేవనెత్తాడు. పెద్దబాపు రెండు చేతులూ ఎత్తి, తొమ్మిది వేళ్లనూ సభకు సమర్పించారు.

"ఆయన ఇచ్చినయి పది. ఒకటి తీస్కున్నడు. పదోవంతు ముట్టింది. ఇగ రశీదు మీరే ఇయ్యాలె."

అటువంటి చెల్లింపుకు రశీదు ఇచ్చే పద్ధతి మా దగ్గర లేదు. సభ నవ్వింది. అంశం ముగిసింది. ఆ హాస్యాన్ని ఆయన మరొకరి కోసం దాచి ఉంచారని అప్పుడు మాకు తెలియదు.

కొన్నేళ్లకు మా క్వార్టర్ల లైన్లోనే ఉండే ఒక యువకుడు గనిలో పైకప్పు కూలి చనిపోయాడు. అతని భార్యకు ఇద్దరు చిన్నపిల్లలు. పరిహారం చేతికందిన వారంలోనే ఆమె పెద్దబాపు అరుగు దగ్గరికి వచ్చి నిలబడింది. నేను అక్కడే ఉన్నాను.

"కాకా, పదోవంతు ఇయ్యకుంటె పాపం తగుల్తదంటున్రు. పిల్లలున్నోళ్లకు పాపమంటె బుగులైతది. ఇద్దామంటె, ఆయన సచ్చుడు నాకు రాబడని నా నోటితోని నేనే ఒప్పుకున్నట్టు గాదా?"

ఆయన "ఐతారం సంఘంల కూసో బిడ్డా," అన్నారు.

ఆ ఆదివారం వాన. మందిరం కప్పు కారుతోంది; పిల్లలు కూర్చునే చోట బకెట్టు పెట్టాం. సంఘపెద్ద చెడ్డవాడు కాదు. ఆ బకెట్టును ప్రతి వానకూ స్వయంగా పారబోసేవాడు. "ఇంత రాబడి మన సంఘంల ఎవలకు రాలే. ఈ చెల్లె మనసు పెడితె రేకులు మార్చుకుందుము," అన్నాడు. ఆమె తల వంచుకుని, కొంగు చివర ముడిని విప్పబోయింది.

పెద్దబాపు లేచి, పాస్టరుగారి బల్ల మీద ఎడమచేయి పరిచారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"అయ్యగారూ, నా కాడ పదిట్ల ఒకటి తీస్కున్నడు. లెక్క కుదిరింది. మనమందరం నవ్వినం. ఈ బిడ్డ కాడ ఉన్నదే ఒకటి. అదే తీస్కున్నడు. దీంట్ల గూడ పదోవంతంటె, మిగిలిన తొమ్మిది ఏడున్నయో సూపెట్టుండ్రి."

బకెట్టులో చుక్కలు పడుతున్నాయి. ఆయన ఆమె వైపు తిరిగి, ఈసారి నెమ్మదిగా అన్నారు: "రాబడంటె వచ్చేది బిడ్డా. పోయినదానికి ఆ పేరు పెట్టకు."

పాస్టరుగారు ఆ చేతిని చూసి, "అది రాబడి కాదమ్మా," అన్నారు. ఆమె కొంగు ముడిని మళ్లీ బిగించుకుంది. నిండిన బకెట్టును తీసుకుపోయి బయట పారబోసి, ఖాళీది తెచ్చి అదే చుక్క కింద పెట్టింది.

నేను సభలు, తీర్మానాలు, వందన సమర్పణలు చాలా చూశాను. ఒక మనిషి తన శరీరంలో లేని భాగాన్ని సాక్ష్యంగా ప్రవేశపెట్టి, ఇంకొకరి బరువు దించడం మాత్రం ఆ ఒక్కసారే చూశాను. నాటి నుంచి ఆయన ఎదుట కుర్చీలో కూర్చోవడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఆమెకు తరువాత కంపెనీ దవాఖానలో ఆయా ఉద్యోగం వచ్చింది. మొదటి జీతానికే దశమభాగం తెచ్చింది. పై అంకె మీద. కింది అంకె సరిపోతుందని కార్యదర్శిగా సూచించాను. "కాక కట్టినకాడనే కడ్త," అంది.

రాష్ట్రం కోసం గనులన్నీ ఆగిన సమ్మెలో ఎవరికీ జీతం లేదు గనుక దశమభాగమూ లేదని సంఘం ప్రకటించింది. మరునాడు పెద్దబాపు మందిరం గోడకు సున్నం వేస్తూ కనిపించారు. "పైసలు రాలే. తీరిక వచ్చింది గద. పనిల చేరినకాంచి రానిది ఇప్పుడొచ్చింది. దాంట్ల ఆయన వంతు ఆయనకు ముట్టాలె," అన్నారు. రాష్ట్రం వచ్చింది. ఆ సున్నం ఇంకా ఉంది.

శవపేటిక అమ్మినవారు ఆచారం ప్రకారం ఆయన చేతులకు తెల్లటి తొడుగులు వేసి, రొమ్ము మీద జోడించి పెట్టారు. ఎడమ తొడుగులో చివరి వేలు మాత్రం లోపల ఏమీ లేక చదునుగా పడివుంది. చూపరులకు బాగుండదని సంఘపెద్ద వంగి దాన్ని లోపలికి మడవబోయాడు. దవాఖాన డ్యూటీ నుంచి నేరుగా వచ్చిన ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"ఉండనియ్యే అన్నా. అది దేవునికి కట్టిన వేలు."

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పాట మొదలైంది. తలుపులోంచి గాలి వచ్చినప్పుడు తొమ్మిది వేళ్లు కదలకుండా ఉన్నాయి. పదోది ఒక్కటి కొద్దిగా లేచి, మళ్లీ వాలింది.