ఉబ్బిన పాటల పుస్తకాలు

ఈ ఉదయం వాక్యం చెప్పడానికి బైబిలు తెరిస్తే ఉల్లిపొర లాంటి పేజీలు వేళ్లకు అంటుకున్నాయి. వెంటనే డెబ్బైల నాటి మా పటమట ఇల్లు, కొత్త కాగితం వాసన గుర్తొచ్చాయి. నా ఈడు వాళ్లారా, క్రిస్మస్‌కు సంఘంలో పంచే పాటల పుస్తకాలు మీకు గుర్తున్నాయా?

ఒక ఏడు వాటిని అచ్చు వేయించే పని మా నాన్న మీద పడింది. ప్రెస్సాయన రెండు రకాల కాగితం చూపించి, "రెండూ ఒకటే బరువండీ. ఇది గుల్ల కాగితం, అందుకే లావుగా కనపడుద్ది. దీంతో కుడితే పుస్తకం మూసుకోదండీ" అని చెప్పాడట. నాన్న వింటేగా! "దేవుడి పాటలు పల్చటి కాగితం మీదేంటండీ?" అని లావుదే వేయించాడు.

పండగ మధ్యాహ్నం కట్టలు విప్పితే ఒక్క పుస్తకమూ మూసుకోలేదు, అన్నీ నోళ్లు తెరుచుకునే ఉన్నాయి.

"పుస్తకాలా ఇవి, పూరీలా?" అంది నాన్నమ్మ.

సాయంత్రం ఆరాధనలో పంచాలి. నాన్న ముఖం వాడిపోయింది. అణుగుతాయేమోనని పిల్లలం వాటి మీద ఎక్కి కూర్చోబోతే నాన్నమ్మ కేకేసింది.

"దిగండర్రా! దేవుడి పాటల మీద కూర్చుంటారా? ఇంటింటికీ పోయి బైబిళ్లు పట్రండి!"

పేజీలు పొరల్లా ఉన్నా ఒక్కో బైబిలూ ఇటుకంత బరువు. వీధిలోని బైబిళ్లన్నీ తెచ్చి ఆ కట్టల మీద పేర్చాం. సాయంత్రానికి పుస్తకాలు బుద్ధిగా నోళ్లు మూసుకున్నాయి.

ఆరాధనలో నాన్న లేచి గర్జించాడు. "సోదరులారా, లావు వేరు, బరువు వేరు! ఉబ్బినదాన్ని అణచేది దేవుని వాక్యమొక్కటే!"

ముందు వరసలోంచి నాన్నమ్మ అడిగింది, "పుస్తకాల సంగతేనా అబ్బాయ్, నీ సంగతి కూడానా?"

ఆ రోజు సంఘమంతా ముందు నవ్వి, తరవాత ఆమేన్ అంది.